సగం బొమ్మకు సగం దర్రీ

ఈ బేరం మొదలయ్యేనాటికి మార్కండేయులు చేతిలో ఉన్నవి ఇవి: వరంగల్ కొత్తవాడలో రోడ్డు మీదికి తెరుచుకునే దర్రీల దుకాణం, దాని వెనకనే ఇల్లు, ఏ నమూనా ఇచ్చినా నేసిపెట్టే ఓంకార్ అనే నమ్మకమైన చేయి, ఎన్నిసార్లు దుమ్ము దులిపినా ఎవరూ కొనని తలల్లేని నెమళ్ళ దర్రీ ఒకటి, ఫోటోకు ఏ రకంగానూ కుదరని తల్లి ఒకతె. మొదటి మూడింటినీ ఆస్తి కింద రాసుకోవచ్చు. నాలుగోది నష్టం. ఐదోదాన్ని ఎటువైపు రాయాలో యాభై దాటినా మార్కండేయులుకు తేలలేదు.

తలల్లేని నెమళ్ళ సంగతి ముందు చెప్పాలి. హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలు యజమాని పెళ్ళి వేదిక మీద పరచడానికి పెద్ద దర్రీ కావాలన్నాడు. రెండు నెమళ్ళు ఎదురెదురుగా నిలబడి ఉండాలన్నాడు. ఓంకార్ మగ్గానికి పడుగు ఎక్కించి, నెమళ్ళను కాళ్ళ దగ్గర మొదలుపెట్టి, పొట్టలూ రెక్కలూ దాటించి మెడల దాకా తెచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆ యజమాని ఎక్కడో ఆకుపచ్చని ప్లాస్టిక్ గడ్డిని చూసి మనసు పారేసుకున్నాడు. ఫోన్ చేసి, దర్రీ వద్దన్నాడు. ఆ పొడవు ఇళ్ళల్లో ఏ గదికీ సరిపోదు. పూర్తి చేయిస్తే మిగతా నూలు కూడా దండగ. అందుకని అక్కడికే కోయించి మగ్గం ఖాళీ చేయించాడు మార్కండేయులు. నెమళ్ళకు తలలు లేవు. తలలు ఉండాల్సిన చోట పేక పడని పడుగు పోగులు బారెడు పొడవున వేలాడుతుంటాయి. దాన్ని చుట్టి గోదాములో ఓ మూలన నిలబెట్టాడు. అటు వెళ్ళినప్పుడల్లా అది కాలికి తగులుతుంది, ఆయన తిట్టుకుంటాడు.

తల్లి పోశవ్వ సంగతి వేరు. మొన్నటి ఎండాకాలంలో పక్క గల్లీ చిలుకమ్మ పోయింది. ఆమె, పోశవ్వ ఒకే ఏడాది కొత్తవాడకు కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. దశదినకర్మ నాడు చిలుకమ్మ కొడుకులు ఇంటి ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఎంత వెదికినా వేరే ఫోటో దొరకక ఆధార్ కార్డు మీది ముఖాన్నే పెద్దది చేయించారు. పోశవ్వ ఆ ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడింది. ఇంటికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కొడుకును పిలిచింది.

“మార్కండీ, చిలుకమ్మను చూసినవా? పోలీసులు పట్టుకపోయేటప్పుడు తీసినట్టున్నది. బతికున్నప్పుడు మొకం ఎంత కళగుండె! ఇప్పుడు గా దొంగ మొకానికే ఊదుబత్తులు ముట్టిస్తాన్లు.”

“వేరే ఫోటో దొరకలేదంట అవ్వా, ఏం జేస్తరు?”

“మరి నాదన్న ఏమున్నదిరా? నా ఆధార్ కార్డుల నేను సగం నిద్రల ఉన్న. నేను పోయినంక నువ్వు సుత గదే పెద్దగ జేసి గోడకేస్తవ్. గట్లైతే నేను పోనే పోను.”

“పోకుంటే మంచిదే గదా.”

“నవ్వకు. మంచి బొమ్మ చేయించు. నేనున్నప్పుడే నా కండ్లతోని చూసుకోవాలె. నచ్చితేనే గోడకెక్కుత.”

ఇదేం పెద్ద పని అనుకున్నాడు మార్కండేయులు. జేబులో ఫోన్ ఉంది, ఇంట్లో తల్లి ఉంది, మధ్యలో ఖర్చు లేదు. కానీ ఫోన్ ఎత్తితే చాలు, పోశవ్వ మెడ బిగించి, ఊపిరి బిగబట్టి, రిజిస్ట్రాఫీసులో వేలిముద్ర వేయడానికి నిలబడ్డ మనిషిలా అయిపోతుంది. చెప్పకుండా తీద్దామంటే ఆమె ఒక్కచోట ఉండదు. తీసిన ఫోటోలో సగం చీర, సగం గాలి. చివరికి చౌరస్తాలోని స్టూడియోకు తీసుకెళ్ళాడు. స్టూడియోవాడు ఆమె ముడతలన్నీ తుడిచేసి, ఒంటికి తెల్లరంగు పూసి, వెనక ఊటీ పూలతోట పెట్టి ఇచ్చాడు.

పోశవ్వ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. “ఎవల్రా ఈ దొరసాని? పాపం, ఎవలింట్ల తప్పిపోయిందో. తీస్కపోయి ఇచ్చిరా.”

కోడలు విజయశ్రీ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. అలాంటి ఒక మబ్బు పట్టిన పూట సారంగపాణి దుకాణం మెట్లెక్కాడు. బడిలో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, హన్మకొండలో ఉంటాడు. మనవరాలు కొత్తగా పాకుతోందట. చలువరాళ్ళ నేల మీద పిల్ల మోకాళ్ళు చల్లబడుతున్నాయని దర్రీ కోసం వచ్చాడు. మార్కండేయులు ఒకటి తర్వాత ఒకటి పరిపిస్తున్నాడు. ఓంకార్ వంగి పరుస్తున్నాడు. సారంగపాణి దర్రీలు చూడాల్సింది పోయి ఓంకార్‌నే చూస్తూ, అక్కడ పడి ఉన్న అట్టముక్క మీద పెన్సిల్‌తో ఏదో గీకుతున్నాడు. మార్కండేయులు మెడ చాచి చూశాడు. వంగిన వీపు, పరుచుకున్న రెండు చేతులు, ఎగిరిపడుతున్న దర్రీ అంచు.

“అరె, గిది మా ఓంకారే గదా!”

“ఊరికే సేటూ, అలవాటు.”

వ్యాపారి బుర్రలో అవసరం, సరుకు ఒకచోట కలవడానికి ఎంతసేపు పడుతుంది? ఓంకార్‌ను పక్కకు పంపి, చాయి తెప్పించి, మార్కండేయులు బేరం మొదలుపెట్టాడు.

“సార్, దర్రీకి పైసలొద్దు. మా అవ్వ బొమ్మ గీసియ్యి. పెద్ద కాయితం మీద, నిండుగ. అది నాకు, దర్రీ నీకు.”

“మనిషిని చూడనియ్యి ముందు.”

“చూసుడేంది సార్, మనిషే. ముక్కుపుల్ల ఉండాలె, చెవులకు గెంటీలుండాలె, చేతికి కడెముండాలె, చీరకు అంచుండాలె. దర్రీల ఒక్క పోగు తక్కువున్నా నువ్వు తీసుకోవు గదా, నాది సుత గంతే.”

సారంగపాణి చాయి ఊదుకుంటూ తలూపాడు. ఆ తలూపడం ఒప్పుకోలో, వినడమో మార్కండేయులు అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఇరవై రకాల గిరాకీలను దారికి తెచ్చిన మనిషి అంత చిన్న చోట జారాడు.

మర్నాటి నుంచి సారంగపాణి రావడం మొదలుపెట్టాడు. ఇంటి ముందరి అరుగు మీద పీట వేసి పోశవ్వను కూర్చోబెట్టారు. ఆమె పెట్టెలోని చీర తీసి కట్టుకుంది, నూనె రాసి జుట్టు దువ్వుకుంది. అయినా కూర్చోవడం ఆమెకు వచ్చిన విద్య కాదు. ఆయన రెండు గీతలు గీశాడో లేదో, సందు చివర కూరగాయల మల్లక్క కేక వినబడేది. పోశవ్వ మోకాలి మీద చేయి ఆన్చి లేచేది.

“సారూ, గీ వంకాయలు నేను చూడకుంటే మా కోడలికి పుచ్చులు అంటగడ్తది. నువ్వు గీస్కో, ఇప్పుడే అస్త.”

“నువ్వు లేకుంటే ఏం గీయాలె పెద్దమ్మా?”

“పీట గీస్కో.”

వంకాయలయ్యాక పాలు. పాలయ్యాక పిల్లి. పిల్లి వెళ్ళాక, ఇదివరకు చుట్టిన కండెలు గట్టిగా లేవని గుర్తొచ్చి మళ్ళీ చుట్టడం. అన్నిటికన్నా మించింది నల్లా. కొత్తవాడలో మంచినీళ్ళ నల్లా ఎప్పుడు వస్తుందో మున్సిపాలిటీ వాళ్ళకు తెలుస్తుందో లేదో గాని పోశవ్వకు తెలుస్తుంది. గొట్టంలో గాలి ఈల వేయకముందే ఆమెకు వినబడుతుంది. వినబడ్డాక ముఖ్యమంత్రి వచ్చి ఎదురుగా కూర్చున్నా ఆమె ఉండదు.

సారంగపాణి విసుక్కోలేదు. కాగితాలు మార్చాడు, చాయిలు తాగాడు, పోశవ్వతో మాటలు కలిపాడు. లోపల దుకాణంలో కూర్చున్న మార్కండేయులు మాత్రం చెవి అటువైపే వేసి ఉంచాడు. మనిషి రోజూ వస్తున్నాడు, చాలాసేపు ఉంటున్నాడు. ఇంత శ్రమ పడితే సరుకు బరువుగానే ఉంటుందని ధీమాగా ఉన్నాడు.

వారం గడిచాక ఒక పొద్దున, పోశవ్వ నల్లా దగ్గర ఉండగా, సారంగపాణి పెద్ద కాగితం ఒకటి తెచ్చి దుకాణం బల్ల మీద పెట్టాడు.

మార్కండేయులు చూశాడు. కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. వెనక ఏమీ లేదు. ముందు కూడా ఏమీ లేనట్టే ఉంది. తల వెనక ముడి దగ్గర మొదలై వీపు మీదుగా దిగిన ఒక గీత. ఒక చెంప. మోకాలి మీద ఒక చేయి, దానికి మాత్రం వేళ్ళన్నీ ఉన్నాయి. కింద మడమ దగ్గర రెండు మూడు గీతలు, చీర కుచ్చెళ్ళు అనుకుంటే అనుకోవచ్చు. మిగతాదంతా తెల్లకాగితం.

“మిగిలింది ఎప్పుడిస్తవ్ సార్?”

“మిగిలింది లేదు సేటూ. ఇది అయిపోలేదు, నాకెరుకే. కానీ ఇంక చెయ్యి పెడితే చెడిపోతది. ఇంతే.”

“ముక్కుపుల్ల?”

“లేదు.”

“గెంటీలు? కడెం? అసలు కండ్లేవి సార్, కండ్లు?”

“అటువైపు చూస్తాంది గదా.”

మార్కండేయులుకు ఒళ్ళు మండింది. గొంతు మాత్రం తగ్గించాడు. దుకాణంలో కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించాలన్నది ఆయన నేర్చుకున్న నియమం.

“సార్, కాయితం ఇంతున్నది, గీసింది గింతున్నది. నేను దర్రీ అంచు ఒకటి నేసి, మధ్యల అంతా బొక్క పెట్టి ఇస్తే తీస్కపోతవా? మా దగ్గర ఖాళీ జాగ సుత నెయ్యాలె. తెల్లగుండే జాగకు తెల్ల నూలు పడ్తది. ఊకెనే ఏదీ రాదు.”

సారంగపాణి నిజంగానే ఆలోచించాడు. “మంచి మాటన్నవ్ సేటూ. మాకాడ ఖాళీ జాగ ఊకెనే అస్తదని నువ్వనుకుంటానవ్.”

“మాటలొద్దు. సగం బొమ్మకు సగం దర్రీ. గంతే ఇస్త.”

“సరే, ఇయ్యి. సంతోషం,” అని సారంగపాణి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కోపంలోనూ మార్కండేయులు చేయి తప్పు చోటికి పోదు. గోదాములోంచి తలల్లేని నెమళ్ళను తీయించి, ఓంకార్‌ను ఆటో ఎక్కించి హన్మకొండకు పంపాడు. దెబ్బకు దెబ్బ తీరింది, మూల ఖాళీ అయ్యింది. కాగితాన్ని మాత్రం ఒక దర్రీలో చుట్టి పై అరలో దాచేశాడు. పోశవ్వ అడిగితే ఏం చెప్పాలన్నదే చిక్కు. ఆమె ఆ రోజే అడిగింది.

“సారు అయిందన్నడా?”

“గీస్తాండు అవ్వా. ఇంకా ముక్కు కాడ ఉన్నడు.”

“ముక్కు కాడ ఎంతసేపురా? నాదేమన్న ఏనుగు ముక్కా?” అంది గాని, పోశవ్వ గొంతు తగ్గింది. “పెత్రమాస కల్ల అయితదా? ఆ నాడు పెద్దలకు బియ్యమిచ్చి మీ బాపు ఫోటో దించి తుడుస్తం గద, పక్కన నాది సుత పెట్టి చూస్కుంట.”

మార్కండేయులు తలూపాడు. సరుకు లేకుండా తారీఖు ఒప్పుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

సాయంత్రం ఓంకార్ తిరిగొచ్చాడు. “తిట్టిండా?” అని అడిగాడు మార్కండేయులు.

“తిట్టుడా? మస్తు ఖుషీ అయిండు సేటూ. నాకు బిస్కెట్లు పెట్టిండు. ఎవరు నేసిండ్లని అడిగి నా చెయ్యి పట్టుకుని ఊపిండు.”

ఇది మార్కండేయులును కుదురుగా ఉండనివ్వలేదు. పనికిరాని సరుకు అంటగట్టినప్పుడు అవతలివాడు మొహం మాడ్చుకుంటే లెక్క సరిపోయినట్టు. సంతోషపడ్డాడంటే ఎక్కడో మనమే తక్కువకు ఇచ్చామన్నమాట. ఆ దర్రీలో తనకు కనబడనిది ఏదో ఉండి ఉండాలి. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు పని ఉందని విజయశ్రీతో చెప్పి స్కూటర్ మీద హన్మకొండ వెళ్ళాడు.

సారంగపాణి ఇంటి ముందరి గదిలోకి అడుగు పెట్టగానే ఆగిపోయాడు.

గోడ మీద, పైన ఒక వెదురు కర్ర. వేలాడే పడుగు పోగులన్నిటినీ పైకి తీసుకెళ్ళి ఆ కర్రకు ముడివేశాడు సారంగపాణి. పోగులు కర్ర నుంచి కిందికి తీగల్లా బిగుసుకుని, వందలకొద్దీ సన్నని తెల్లని గీతలై దిగుతున్నాయి. కింద రెండు నెమళ్ళు కాళ్ళు నిలదొక్కుకుని, రెక్కలు సగం విప్పి, మెడలు పైకి చాచి నిలబడి ఉన్నాయి. వాటి తలలు ఆ గీతల్లో కలిసిపోయాయి.

“వాన పడ్తాంది సేటూ,” అన్నాడు సారంగపాణి వెనక నుంచి. “నెమళ్ళు తలలెత్తి వానల పెట్టినయ్.”

మార్కండేయులు దగ్గరికి వెళ్ళి ఒక పోగును వేలితో తాకి చూశాడు. అది తన సరుకే. తన నూలే. ఏడాది పాటు కాలికి తగిలినప్పుడల్లా తను తిట్టుకున్న పోగులే. అందులో వాన ఉందని తనకు ఎవరూ చెప్పలేదు. ఓంకార్‌కూ తెలియదు, ప్లాస్టిక్ గడ్డి కొన్నవాడికీ తెలియదు. ఇప్పుడు కళ్ళు నులుముకున్నా అవి పోగుల్లా కనబడవు, వానలాగే కనబడుతున్నాయి.

“తలలు నేపిస్తే?” అని అడిగాడు, తనకు తెలియకుండానే.

“వాన ఆగిపోతది.”

కింద నేల మీద మనవరాలు పాత దుప్పటి మీంచి జారి, చలువరాయి మీద పాకుతోంది. మార్కండేయులు దాని మోకాళ్ళ వైపు చూశాడు. ఎర్రగా ఉన్నాయి. ఆయన స్కూటర్ ఎక్కాడు.

దుకాణానికి వచ్చేసరికి జల్లు పట్టుకుంది. వానలో గిరాకీ ఉండదు. పై అరలోంచి కాగితం దించి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా తూకపు రాళ్ళు పెట్టాడు. సొరుగులోంచి పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తీశాడు. ఏ దర్రీ అయినా మంచిదో కాదో ఆయన ఆ అద్దం పెట్టే తేలుస్తాడు. బొమ్మను చూడటానికి ఆయన దగ్గర వేరే పనిముట్టు లేదు.

అద్దాన్ని జుట్టు ముడి దగ్గర పెట్టి, గీత వెంట మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. మెడ దాటింది, భుజం దాటింది, వీపు వంపు తిరిగింది, నడుము దగ్గర పలచబడింది, చీరలోకి దిగింది. ఎక్కడా ముడి లేదు. ఎక్కడా తెగి మళ్ళీ అతికిన గుర్తు లేదు. ఒక్క పోగు. తల నుంచి నడుము దాకా ఒక్క పోగుతో లాగేశాడు. ఓంకార్ చేతిలో కూడా అంత పొడవు పోగు తెగకుండా రావడం ఎప్పుడో గాని జరగదు.

తర్వాత అద్దం మోకాలి మీది చేతి దగ్గరికి వచ్చింది. అక్కడ పెన్సిల్ గట్టిగా ఒత్తుకుంది. బొమ్మ మొత్తంలో అదొక్కచోటే నలుపు చిక్కగా ఉంది. ఆ చేయి మోకాలి మీద ఊరికే లేదు, బరువంతా దాని మీదే ఉంది. మడమ వైపు చూశాడు. అది నేలకు ఆనలేదు. గాలిలో ఉంది.

అద్దం పక్కన పెట్టి కాగితానికి కాస్త వెనక్కి జరిగాడు. అప్పుడు తెలిసింది, ఎందుకు కళ్ళు గీయలేదో. కళ్ళు ఉంటే అవి ఇటు చూడాలి. ఈ మనిషికి ఇటు చూసే తీరిక లేదు.

సరిగ్గా అప్పుడే విజయశ్రీ చాయి తీసుకుని లోపలి నుంచి వచ్చింది. భర్త భుజం మీంచి బల్ల మీది కాగితం మీద ఆమె చూపు పడింది.

“అయ్యో, నల్లా అచ్చిందా?” అంటూ చాయి గ్లాసు బల్ల మీద పెట్టి బిందె కోసం వెనక్కి తిరిగింది. రెండు అడుగులు వేసి ఆగిపోయింది. మెల్లగా వచ్చి మళ్ళీ చూసింది. “ఏందయ్యా ఇది?”

“ఏమనుకున్నవ్?”

“అత్తమ్మ లేస్తాందనుకున్న!”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విజయశ్రీ నవ్వడం మొదలుపెట్టింది, ఈసారి లోపలికి పారిపోలేదు. మార్కండేయులు కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒక లెక్క వేసుకున్నాడు. స్టూడియో ఫోటోలో ముక్కూ చెవులూ అన్నీ ఉన్నాయి, అవ్వ లేదు. ఇందులో ముక్కూ లేదు, చెవులూ లేవు, అవ్వ నిండుగా ఉంది. ఎంత తిప్పి వేసినా ఈ లెక్క ఇంతే వస్తోంది.

అయితే లెక్క ఇక్కడితో తెగలేదు. బొమ్మ కావాలన్నది తను కాదు. తన కళ్ళతో చూసుకోవాలన్న ఆశ పోశవ్వది. తనకు వానా పోగూ కనబడ్డాయి సరే, ఆమెకు కనబడకపోతే? డెబ్బై ఏళ్ళు ఒళ్ళు వంచి బతికిన మనిషి ఒక్కటి అడిగితే, తెల్లకాగితం చేతిలో పెట్టాలా?

ఆ మాటే మర్నాడు ఫోన్‌లో సారంగపాణితో అన్నాడు. చిన్న దర్రీ ఒకటి, పాకే పిల్లలకు మెత్తగా ఉండేది, ఓంకార్ చేత పంపిస్తున్నానని కూడా చెప్పాడు.

“అదెందుకు సేటూ? సగానికి సగం అయిపోయింది గదా.”

“అది బేరంల లేదు సార్. కొసరు.”

కొలత అయ్యాక పైన వేసే చిటికెడును కొసరు అంటారు. అడగనిదే ఎవరూ వేయరు. అడిగించుకోకుండా వేసిన కొసరు విలువ సారంగపాణికి తెలిసినట్టుంది. “అయితే నాదీ కొసరు ఉంటది,” అన్నాడు. “పెత్రమాస నాడు అస్త. పెద్దమ్మ చూస్తది. ఆమె కావాలంటే ముక్కుపుల్ల, గెంటీలు, కండ్లు, అన్నీ అక్కడే కూసుండి గీసిస్త. చెడిపోతే చెడిపోనియ్. బొమ్మ ఆమెది.”

పెత్రమాస పొద్దున ఇల్లు కడిగారు. పెద్దల పేరిట బియ్యం, కూరగాయలు అయ్యగారికి ఇచ్చి వచ్చారు. బాపు ఫోటో దించి తుడిచారు. ఆ ఫోటోలో ఆయన వేసుకున్న కోటు స్టూడియోవాళ్ళది, దాని చేతులు వేళ్ళ దాకా పొడుగ్గా ఉంటాయి. పక్కన ఇంకో మేకు కొట్టి, అట్టకు అతికించి ముందు అద్దం పెట్టిన బొమ్మను ఆన్చి నిలబెట్టారు. అద్దం ఇంకా బిగించలేదు, సారంగపాణి చేయి పెట్టాల్సి వస్తే తీయడానికి వీలుగా. ఆయన చేతిలో చెక్కిన పెన్సిల్‌తో తయారుగా ఉన్నాడు. విజయశ్రీ తలుపు దగ్గర నిలబడింది. మార్కండేయులు కొట్టిన మేకునే మళ్ళీ వేలితో నొక్కి చూస్తున్నాడు.

పోశవ్వ వచ్చి పీట మీద కూర్చుని చూసింది.

“ముక్కుపుల్ల ఏదిరా?”

ఆమె చూపు చెవి ఉండాల్సిన చోటికి జరిగింది.

“గెంటీలేవి? చీర అంచు లేకపాయె. పెట్టెల చీర ఊకెనే నలిపిన.” కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇంకా దగ్గరికి జరిగింది. “సారూ, కాయితం అంతా ఇట్ల ఇడిసిపెట్టినవేంది?”

“ఇప్పుడు నింపుత పెద్దమ్మా. నువ్వు చెప్పు, ఏడేడ ఏమేం పెట్టాల్నో.”

సారంగపాణి అద్దం తీసి పక్కన పెట్టాడు. పెన్సిల్ ముక్కు దగ్గరికి వచ్చింది. మార్కండేయులు ఒక చేత్తో రెండో చేతిని పట్టుకున్నాడు. వద్దన్న మాట నోటి దాకా వచ్చింది. అనలేదు. బొమ్మ ఆమెది.

“ఆగు సారూ.”

పోశవ్వ తల పక్కకు వాల్చి చూస్తోంది. ఆమె చేయి మెల్లగా వెళ్ళి తన మోకాలి మీద ఆనింది. బొమ్మలోని చేయి ఎక్కడ ఉందో అక్కడే.

“ఇది నేను ఎటో పోతాన్న గదా?”

“అవు పెద్దమ్మా.”

“ఎటు పోతాన్న?”

“నీకే ఎరుక. నువ్వు లేచిపోయినవ్, నేను ఇంతవరకే పట్టుకున్న.”

పోశవ్వ బొమ్మను చూసింది. పక్కన భర్త ఫోటోను చూసింది. పొడుగు చేతుల కోటులో ఆయన ఎప్పటిలాగే కదలకుండా కూర్చుని ఉన్నాడు. బంతిపూల దండ ఆయన మెడలో కుదురుగా పడి ఉంది. తర్వాత పోశవ్వ ఒళ్ళు కదిలేలా, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది.

“మార్కండీ, దీనికి దండ ఎట్ల ఏస్తవురా?”

“ఏందవ్వా?”

“మీ బాపు కూసున్నడు, ఏస్తే ఏయించుకుంటడు. నేను లేస్తాన్న గదరా! నువ్వు దండ తెచ్చేలోపల నేను నల్లా కాడ ఉంట.” సారంగపాణి చేతిలోని పెన్సిల్‌ను వేలితో పక్కకు నెట్టింది. “సారూ, ముక్కుపుల్ల వద్దు, ఏమొద్దు. అన్నీ పెట్టి నింపితే నేను కుదురుగ కూసుంట. కూసున్నదాన్ని చూస్తే వీడు దండ తెస్తడు. ఇట్లనే ఉండనియ్యి.”

“కొసరు వద్దా పెద్దమ్మా?”

“వద్దు.”

ఆ ఇంట్లో కొసరు వద్దన్న మాట వినబడటం అదే మొదటిసారి. పచ్చిమిరపకాయల మీద కరివేపాకు, పాల మీద చెంచాడు పాలు ఏనాడూ వదలని మనిషి అన్న మాట అది. మార్కండేయులు తల్లిని కొత్తగా చూశాడు. అద్దం బిగించి, బొమ్మను మేకుకు తగిలించాడు.

అది సరిగ్గా ఉందో లేదో అందరూ తలలు వాల్చి చూస్తుండగానే పోశవ్వ చెవి రిక్కించింది. మోకాలి మీద చేయి ఆన్చి, మడమ ఎత్తి, “నల్లా!” అంటూ లేచింది. ఆ తర్వాతే గొట్టంలో గాలి ఈల వేసింది.

అందరూ ఆమె వెనకే చూశారు, మళ్ళీ గోడ వైపు చూశారు. సారంగపాణి పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు మార్కండేయులుకు ఆశ పుట్టి, ఓంకార్ చేత ఇంకో నెమళ్ళ దర్రీ మెడల దాకా నేయించి కోయించాడు. వెదురు కర్రకు కట్టి ఎంతసేపు చూసినా వాన పడలేదు. పోగులే కనబడ్డాయి. సారంగపాణికి చూపిస్తే, “ఆపాలని ఆపినవ్ సేటూ. మొదటిది ఆగిపోయింది,” అన్నాడు. ఆ ముక్కతో ఇంకేం చేయలేక కాళ్ళు తుడుచుకోవడానికి దుకాణం గడపలో వేశాడు. దాన్ని నష్టం కింద రాసుకోవడానికి ఆయనకు మనసు ఒప్పింది.

మిగతా లెక్క ఇలా తేలింది. పోయినవి: తలల్లేని నెమళ్ళు, చిన్న దర్రీ ఒకటి, సారంగపాణి తాగిన చాయిలు, గడపలో పడ్డ ఓంకార్ పని. వచ్చినవి: గోదాములో ఒక ఖాళీ మూల, హన్మకొండలో చాయి తాగించే ఒక ఇల్లు, ఏ వాన పడ్డా పడుగు గుర్తొచ్చే ఒక అలవాటు. ఎటువైపు రాయాలో తేలని ఐదో పద్దు ఇప్పుడు తేలింది, అది రెండు పద్దులయింది. ఒక పోశవ్వ గోడ మీద ఉంది, ఒక పోశవ్వ నల్లా దగ్గర ఉంది. ఇద్దరిలో ఒక్కరూ కూర్చోరు.